ఒకడు ఎక్కువైన రోజు

(శతవత్సర ఉత్సవములలో బాలబడి పనివారి పక్షమున చేసిన ప్రసంగము)



ఈ నూరేండ్ల పండుగలో బడి పనిని గురించి నాలుగు మాటలు చెప్పుమని కమిటీవారు మమ్మును అడిగారు. బోధనా పద్ధతులను గురించి చెప్పగల పెద్దలు మన మధ్య చాలామంది ఉన్నారు. మేము ముగ్గురు టీచర్లము, ఇద్దరు ఆయాలము. పిల్లల ముక్కులు తుడుచుట, వారిని లెక్కపెట్టుట మా పని. కనుక లెక్క కుదరని ఒక దినమును గురించి చెప్పుదుము.

1996 ఫిబ్రవరిలో చిన్న తరగతుల పిల్లలను వరంగల్ కోట చూపించుటకు తీసుకొని వెళ్ళాము. 38 మంది, నాలుగు నుండి ఆరేండ్లవారు. దోర్నకల్ పిల్లలకు రైలు కొత్త కాదు, రైలు కూతతో నిద్ర లేచే ఊరు మనది. అయినను ఎక్కి కూర్చొనుట వేరు. మహబూబాబాద్ వచ్చినా, కేసముద్రం వచ్చినా, నెక్కొండ వచ్చినా "వరంగలేనా టీచర్?" అని ఒకటే గొడవ. వారిని కుదురుగా కూర్చోబెట్టుటకు అజరయ్యగారి కథ మొదలుపెట్టాము. ఆయన తమిళదేశములోని వెల్లాలన్‌విళైలో పుట్టి, 1909లో దోర్నకల్‌కు కాపురము వచ్చి, తెలుగు నేర్చుకొని, 1912 డిసెంబరు 29న కలకత్తాలో మన మొదటి బిషప్పుగా అభిషేకము పొందినారని చెప్పుచుండగా ఒక పిల్లవాడు అడ్డుపడి, "తెలుగు రానప్పుడు దూపయితే నీళ్ళెట్ల అడిగిండు?" అన్నాడు. మాలో ఎవరికీ జవాబు తోచలేదు. ఆ సంగతి ఏ చరిత్రలోనైనా వ్రాసి ఉన్నదేమో పెద్దలే చెప్పవలెను.

బావి చేంతాడు ఒకటి తీసుకొనిపోయాము. దానికి 19 ముడులు వేసి, ముడికి ఇటొకరు అటొకరు పట్టుకొనునట్లు చేసితిమి. స్టేషనులో దిగినప్పుడు 38, ఆటోలు దిగినప్పుడు 38. కోటలో కీర్తితోరణముల దగ్గరకు వెళ్ళి నిలబడినారు. కాకతీయ గణపతిదేవుడు, ఆయన కుమార్తె రుద్రమదేవి బలపరచిన కోట ఇది. 1323లో ఢిల్లీ సైన్యము దీనిని పట్టుకొన్నది. నడుమనున్న స్వయంభూ దేవాలయము శిథిలమైనది, నాలుగు దిక్కులా నాలుగు తోరణములు మాత్రము నిలిచినవి. "దర్వాజలున్నయి, తలుపులేవి?" అని పిల్లలు అడిగారు. మరొక పాప, "మన గుడి స్తంభాల లెక్క ఉన్నయి" అన్నది. 1939లో ప్రతిష్ఠ జరిగిన మన ఎపిఫనీ దేవాలయమును ఈ దేశపు గుడుల స్తంభములను, మసీదుల గుమ్మటములను ఒకచోట చేర్చి కట్టించినారు. ఈ సంగతి ఆ పాపకు మేము చెప్పలేదు, దాని కంటికే పట్టినది.

మధ్యాహ్నము చెట్టు క్రింద పులిహోర, ఉడికించిన కోడిగ్రుడ్లు పంచాము. పిల్లలకు 38, మాకు 5, మొత్తము 43 గ్రుడ్లు. అందరికీ ఇచ్చుచు వచ్చేసరికి మా చిన్న టీచరమ్మకు అందలేదు. "నేను లెక్కబెట్టే ఉడకేసిన, ఎవలో రెండు తిన్నరు" అని పెద్ద ఆయా కోపము తెచ్చుకొన్నది. రెండు తిన్నవారెవరూ లేరు. చివరకు గ్రుడ్లను విడిచి పిల్లలను లెక్కపెట్టితే 39 మంది.

నూరు గొఱ్ఱెలలో ఒకటి తప్పిపోయిన ఉపమానమును ఆదివారపు బడిలో ఎన్ని పర్యాయములు చెప్పియుంటిమో. నూట ఒకటవది వచ్చి మందలో నిలిచినయెడల కాపరి ఏమి చేయవలెనో అందులో లేదు.

అయిదేండ్ల పిల్లవాడు. కాళ్ళకు చెప్పులు లేవు, మెడలో నల్లదారము. చివరి ముడి దాటి వ్రేలాడుచున్న తాడు కొసను పట్టుకొని మా వెంట నడచినాడు. పేరు అడిగితే పలుకలేదు. ఉర్దూలో అడిగినా పలుకలేదు. గ్రుడ్డు మాత్రము శుభ్రముగా తిన్నాడు. అంతలో మా పిల్లలలో తండానుండి వచ్చే ఒక పాప లేచి వాని ప్రక్కన కూర్చుండి ఏదో అడిగినది. వాడు గబగబ మాట్లాడి ఏడ్పు అందుకొన్నాడు. "యాడి కావాల్నంటుండు. యాడి అంటే అమ్మ" అని పాప మాతో చెప్పినది. జూన్ నెలలో బడిలో చేరినది మొదలు ఆ పాప మాతో అంత పొడుగు మాట చెప్పుట అదే మొదలు. లంబాడీ మాటకు సొంత లిపి లేదు, అది రాజస్థాన్ వైపు భాషలకు చుట్టము. తండాలో పుట్టిన బిడ్డకు బడిలో తెలుగు కూడ పరభాషయే.

కోట దగ్గర ఒక కావలి మనిషి, "నాకు అప్పజెప్పి పోండ్రి, మీ రైలు పోతది" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. మాలో ఇద్దరు అదే మంచిదన్నారు. 38 మంది అలసిన పసిపిల్లలు, చీకటి పడితే ఎట్లు? ఇంటివద్ద తల్లులు ఎదురుచూతురు. అది తీసివేయదగిన మాట కాదు. కాని వాడు పెద్ద ఆయా కొంగు వదలలేదు. పస్కా పండుగ నుండి తిరిగి వచ్చుచు యోసేపు మరియలు కుమారుడు గుంపులోనే ఉన్నాడనుకొని ఒక దినప్రయాణము సాగిపోయిన సంగతిని మా పెద్ద టీచరమ్మ జ్ఞాపకము చేసినది. వీని తల్లియు అట్లే చుట్టముల వెంట ఉన్నాడనుకొని ఉండవచ్చు, ఇంకా ఇక్కడే ఉండవచ్చు. రైలు పోతే పోనిమ్మనుకొన్నాము.

పాపచేత మరల మరల అడిగించాము. ఎఱ్ఱటి కుప్పలు చూచినాడట. అది ఏనుమాముల మార్కెట్టు, మిర్చి కాలము. తరువాత ఆటో ఎక్కినారట. పెద్ద బండ, దాని ప్రక్కన నీళ్ళు. ఏకశిలా గుట్ట! అందరము తాడు పట్టుకొని అటు నడచితిమి. ముందు ఆ ఇద్దరు పిల్లలు, వెనుక మేము.

నీటి ఒడ్డున జనము గుమిగూడి ఉన్నారు. ఇద్దరు మగవారు నడుములోతు నీళ్ళలో దిగి కాళ్ళతో తడుముచున్నారు. ఒడ్డున తల్లి నేలమీద పడి ఉన్నది. ఆమె నోట ఏడ్పు కూడ లేదు. ఆ నిశ్శబ్దము మాకు ఈనాటికీ గుర్తున్నది. "యాడీ!" అని వాడు ఒక కేక పెట్టినాడు. ఆమె లేచి వచ్చి మొదట వీపుమీద ఒక దెబ్బ వేసి, తరువాత ఎత్తుకొని, అప్పుడు ఏడ్చినది. నీళ్ళలోనున్న తండ్రి తడిబట్టలతోనే వచ్చి మా అందరికీ చేతులు జోడించినాడు. ఆ తల్లి మా పాప గడ్డము పట్టుకొని తమ భాషలో చాలాసేపు మాట్లాడినది. పాప పెద్దదానివలె తల ఊపుచు జవాబు చెప్పినది. వారేమి చెప్పుకొన్నారో మాకు తెలియదు. అడిగితే పాప చెప్పలేదు.

మా రైలు పోయినది. వరంగల్ స్టేషనునుండి దోర్నకల్‌కు ఫోనులో కబురు చేయించి, బన్నులు కొని పిల్లలకు పెట్టి, రాత్రి బండి ఎక్కాము. దోర్నకల్ ప్లాట్‌ఫారముమీద తల్లిదండ్రులు నిలిచి ఉన్నారు. కొందరు గట్టిగానే మాట్లాడినారు. నిద్రపోవుచున్న బిడ్డను భుజాన వేసుకొని అడుగువారికి ఏమని చెప్పుదుము? జరిగినది ఆయా చెప్పినది. కొందరు శాంతించినారు, ఇద్దరు ముగ్గురు నెలదాక మాతో సరిగా మాట్లాడలేదు.

మరునాడు బడిలో పిల్లలందరు ఆ పాప చుట్టూ చేరి, నీళ్ళను మీ మాటలో ఏమందురు, అన్నమును ఏమందురు అని అడుగుచుండిరి. రైలులో అజరయ్యగారిని గురించి అడిగిన పిల్లవాడు అందరికంటె ముందు కూర్చున్నాడు. ఆ మరుసటి ఏడు రామప్పకు పోయినప్పుడు, ఎవరూ చెప్పకుండానే పెద్ద ఆయా నాలుగు గ్రుడ్లు ఎక్కువ ఉడికించినది.