ఇంటి కప్పుపై సూర్యవిద్యుత్తు: ఖర్చు, సబ్సిడీ, మన కర్తవ్యం

(జంషెడ్‌పూర్‌లో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



శ్రీకాకుళం, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల నుండి మన పెద్దలు బెంగాల్ నాగపూర్ రైల్వే వెంట వచ్చి స్థిరపడిన ఊరు ఇది. వారు మొదట కోరినది పని. ఆ తరువాత కోరినది తలదాచుకొనుటకు ఒక కప్పు. క్వార్టరు కోసం అర్జీలు పెట్టి, కారే కప్పుల మరమ్మతు కోసం ధర్నాలు చేసి, ఆ కప్పును సంపాదించుకున్నారు. నేడు ఆ కప్పుకు మరొక విలువ వచ్చింది. దానిపై పడే ఎండతో కరెంటు తీయవచ్చును. అందుకు ప్రభుత్వం డబ్బు కూడా ఇస్తున్నది. ఆ డబ్బు ఎంత, ఎవరికి అందుతున్నది, ఎవరికి అందడం లేదు అన్న విషయాలను ఈరోజు మీతో చర్చింపదలచాము.

కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరి 13న "ప్రధానమంత్రి సూర్యఘర్ ముఫ్త్ బిజిలీ యోజన"ను ప్రారంభించింది. కోటి ఇళ్లకు ఈ సౌకర్యం కల్పించాలన్నది లక్ష్యం. ఇందుకు కేటాయించిన మొత్తం 75,021 కోట్ల రూపాయలు. 2026-27 ఆర్థిక సంవత్సరం వరకు అమలుచేయుటకు దీనిని రూపొందించారు. ఈ పథకం పేరు మన తపాలా సోదరులకు కొత్త కాదు. 2024లో దీని నమోదు కోసం ఇల్లిల్లూ తిరిగినవారు పోస్టుమ్యాన్లే. అయితే ఆ విధంగా తిరిగినవారిలో ఎందరికి తమ స్వంత డాబా ఉన్నది? ఈ ప్రశ్నకు మరల వద్దాము. ముందుగా లెక్క చూద్దాము.

ఒక కిలోవాట్‌కు సుమారు పది చదరపు మీటర్ల నీడలేని చోటు కావాలి. కేంద్ర సబ్సిడీ 1 కిలోవాట్‌కు 30,000, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లకు 78,000 రూపాయలు. అంతకు మించి ఎంత పెట్టినా సబ్సిడీ 78,000 దాటదు. ఈ అంకెలు కట్టిన తీరు ఇది: మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్ ఒక్కింటికి 50,000, మూడవ దానికి 45,000 రూపాయలు ప్రామాణిక వ్యయంగా తీసుకొని, మొదటి రెండింటికి 60 శాతం, మూడవదానికి 40 శాతం ఇస్తున్నారు. అనగా 3 కిలోవాట్లకు ప్రామాణిక వ్యయం 1,45,000, సబ్సిడీ పోగా మనం భరించవలసినది 67,000. బజారులో 1,80,000 అడిగినచో మన వంతు 1,02,000 అవుతుంది. సబ్సిడీ మాత్రం పెరగదు. కావున బేరమాడుట మన పనే.

3 కిలోవాట్ల ఏర్పాటు నెలకు సగటున 300 యూనిట్లకు పైగా ఇస్తుంది. 2025 మే 1 నుండి ఇక్కడి నిగమ్ పట్టణ గృహ వినియోగదారులకు నిర్ణయించిన రేటు యూనిట్‌కు 6 రూపాయల 85 పైసలు. 300 యూనిట్లూ ఆ రేటుకు మిగిలినవనుకుంటే నెలకు 2,055 రూపాయలు. పెట్టిన 67,000 రావడానికి దాదాపు 33 నెలలు, 1,02,000 రావడానికి దాదాపు 50 నెలలు పడుతుంది. ఫలకాల ఆయువు సుమారు 25 సంవత్సరాలు. ఇన్వర్టరును మాత్రం మధ్యలో ఒకసారి మార్చవలసి రావచ్చును. ఆ ఖర్చును ఇప్పుడే లెక్కలో వేసుకోవాలి.

అయితే ఈ లెక్క అందరికీ వర్తించదు. ఈ నగరంలో ఒక ప్రాంతానికి టాటా స్టీల్ లైసెన్సు కింద కరెంటు వస్తుంది. మానగో, జుగ్‌సలాయ్, పర్సుడీ వంటి చోట్ల జార్ఖండ్ బిజిలీ వితరణ్ నిగమ్ ఇస్తుంది. నిగమ్ వినియోగదారులలో నెలకు 200 యూనిట్ల లోపు వాడేవారికి బిల్లు లేకుండా చేస్తూ రాష్ట్ర ప్రభుత్వం 2024లో నిర్ణయించింది. ఇక రెండు ఫ్యాన్లు, నాలుగు దీపాలు, ఒక ఫ్రిజ్‌తో 150 యూనిట్లు వాడే కుటుంబం అప్పుచేసి ఫలకాలు పెట్టి ఆదా చేసేదేమిటి? కేంద్రం ఉచితమంటున్న 300 యూనిట్లు ఊరకే వచ్చేవి కావు. అవి మన పెట్టుబడితో మన డాబాపై పండించుకొనేవి. రాష్ట్రం ఇచ్చే ఉచితం వేరు, ఇది వేరు. ఈ రెంటినీ కలిపి చెప్పి ఆశపెట్టే ఏజెంట్ల మాట నమ్మవద్దు. గత 12 నెలల బిల్లులు ముందుంచుకొని, వాటిలో ఏ రాయితీ ఉన్నా తీసివేసి, ఆ మీదటనే నిర్ణయించుకోవాలి.

మరొక విషయం చాలామందికి తెలియదు. బ్యాటరీ లేని ఏర్పాటులో వీధిలో కరెంటు పోతే ఇంట్లో కూడా పోతుంది. ఎండ మండుతున్నా సరే. ఇది లోపం కాదు. మరమ్మతు కోసం తీగపట్టిన లైన్‌మ్యాన్‌కు మన ఇంటి నుండి వెళ్లే కరెంటు తగలకుండా ఇన్వర్టరు తనంతట తానే ఆగిపోతుంది. తోటి కార్మికుని ప్రాణరక్షణకు చేసిన ఏర్పాటు అది. దానిని తప్పించి చూపుతామనే మెకానిక్‌ను డాబా ఎక్కనివ్వకండి. ఇంకొకటి, ఇది కర్మాగారాల ఊరు. ఫలకాలపై దుమ్ము పేరుకొంటే రాబడి తగ్గుతుంది. నిచ్చెన, నీరు, ఓపిక ఇంట్లో ఉండాలి.

ఇక డబ్బు చేతికి వచ్చే తీరు. సబ్సిడీ ముందుగా రాదు. పోర్టల్‌లో నమోదు కావాలి, నమోదైన విక్రేతచేతనే పెట్టించాలి, ఫలకాలు దేశంలో తయారైనవి అయి ఉండాలి, నెట్ మీటరు బిగించి తనిఖీ పూర్తి కావాలి. ఆ తరువాతనే సబ్సిడీ మన బ్యాంకు ఖాతాలో పడుతుంది. 10 కిలోవాట్ల వరకు సాంకేతిక పరిశీలన అవసరం లేదని 2024 ఫిబ్రవరిలో నిబంధనలను సవరించారు. కావున ఆ పేరుతో ఎవరైనా త్రిప్పిస్తే అడిగే హక్కు మనకున్నది. అయిదేళ్ల నిర్వహణ బాధ్యత విక్రేతది. మన సభ్యుడొకరు నమోదుకాని దుకాణదారు మాట విని బయానా ఇచ్చారు. ఫలకాలు డాబా ఎక్కాయి. సబ్సిడీ రాలేదు. ఆయన ఇప్పుడు పూర్తి ఖర్చుకు కిస్తీలు కడుతున్నారు. పదవీ విరమణకు రెండేళ్లున్న మనిషికి అది చిన్న దెబ్బ కాదు.

3 కిలోవాట్ల వరకు హామీ లేకుండా బ్యాంకు రుణం దొరుకుతుంది. 2024లో దాని వడ్డీ సుమారు 7 శాతం. రెపో రేటుకు ముడిపెట్టినది గనుక 2025లో అది తగ్గుతూ వచ్చింది. సౌర పరికరాలపై జీఎస్టీ కూడా 2025 సెప్టెంబరు 22 నుండి 12 శాతం నుండి 5 శాతానికి తగ్గింది. అంతకుముందు వ్రాయించుకున్న ధరపట్టీలను ఎవరైనా చూపితే, తగ్గిన పన్ను మేరకు ధర తగ్గించమని అడగండి.

స్వగ్రామంలో ఇల్లున్న సభ్యులకొక మాట. ఇల్లు, మీటరు ఎక్కడ ఉంటే అక్కడి రాష్ట్రం ఇచ్చేదే వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం షెడ్యూల్డు కులాలు, తెగల కుటుంబాలకు 2 కిలోవాట్ల వరకు ఉచితంగాను, వెనుకబడిన తరగతులకు కేంద్ర సబ్సిడీపై అదనంగా 20,000 రూపాయలు ఇచ్చేటట్లును నిర్ణయించింది. బరంపురం వైపు ఇల్లున్నవారికి ఒడిశా ప్రభుత్వం 3 కిలోవాట్లకు అదనంగా 60,000 రూపాయలు ఇస్తున్నది. ఊరికి వెళ్లినపుడు కాగితాలు చూచుకొని రండి.

ఇప్పుడు మొదట అడిగిన ప్రశ్నకు వద్దాము. ఈ సబ్సిడీ అందుకోవాలంటే స్వంత కప్పు, స్వంత మీటరు ఉండాలి. రైల్వే క్వార్టరులో ఉన్న గ్యాంగ్‌మ్యాన్‌కు కప్పు ఉన్నది, అది అతనిది కాదు. జుగ్‌సలాయ్‌లో అద్దెకున్న గ్రామీణ డాక్ సేవకునికి మీటరే లేదు. ఇంటి యజమాని అడిగినంత ఇస్తాడు. యాజమాన్యపు హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడుతున్న 86 బస్తీలలోనూ మనవారున్నారు. ప్రజాధనంతో ఇచ్చే సబ్సిడీ డాబా ఉన్నవారి దగ్గరే ఆగిపోయి, డాబా లేనివారు పూర్తి రేటుకు కరెంటు కొనుక్కోవలసివస్తే అది న్యాయమనిపించుకోదు. దీనికి మార్గం లేకపోలేదు. ఒకచోట పుట్టిన కరెంటును అనేక మీటర్ల బిల్లులలో పంచి జమచేసే పద్ధతిని, అనగా వర్చువల్ నెట్ మీటరింగును, ఈ పథకం అంగీకరిస్తున్నది. దానిని అమలులోకి తెప్పించుట మన పని.

కాబట్టి ఈ సమావేశం ముందు నాలుగు ప్రతిపాదనలు ఉంచుతున్నాము.

1. క్వార్టర్ల కప్పులపై రైల్వే, తపాలా శాఖలే ఫలకాలు పెట్టి, ఆ ఆదాను అందులో నివసించే ఉద్యోగి బిల్లులో చూపాలని కోరుతూ వినతిపత్రం సమర్పించాలి.

2. సబ్సిడీ ఖాతాలో పడేవరకు సభ్యునికి సర్దుబాటు రుణం ఇవ్వవలసిందిగా మన సహకార పరపతి సంఘాలను కోరాలి.

3. ప్రతి శాఖలో ఇద్దరు సభ్యులు బాధ్యత తీసుకొని, నమోదైన విక్రేతల జాబితా తెచ్చి, పదిమంది కలిసి ఒకేసారి ధర అడిగే ఏర్పాటు చేయాలి. ఒంటరిగా అడిగినవానికి దుకాణదారు చెప్పే ధర వేరు, పదిమందికి చెప్పే ధర వేరు.

4. ఇటువంటి పథకాల నమోదు పని తపాలా ఉద్యోగులపై పెట్టినపుడు దానికి తగిన ప్రతిఫలం చెల్లించాలని పట్టుబట్టాలి.

బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను సంఘటితపరచిన వి. వి. గిరి గారి కాలం నుండి మనం నేర్చుకున్నది ఒక్కటే. హక్కు కాగితంపై ఉన్నంత మాత్రాన చేతికి రాదు, కలిసి అడిగినపుడే వస్తుంది. ఎండ అందరి కప్పులపై సమానంగానే పడుతున్నది. దాని ఫలం కూడా అందరి ఇళ్లకు చేరేవరకు మన పని ఉన్నది. వచ్చే నెల సమావేశానికి ప్రతి సభ్యుడు తన 12 నెలల కరెంటు బిల్లులు వెంట తీసుకొనిరావలసిందిగా కోరుతూ సెలవు తీసుకొంటున్నాము.