మితాహారము నుండి సమగ్రాహారమునకు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ప్రసంగము)



ఇరువది యైదు సంవత్సరములుగా ఊరివారికి పుస్తకము లందించిన గ్రంథాలయము పండుగ చేసికొను దినమున, భోజనమును గూర్చిన ప్రసంగ మెందులకని కొందరికి తోచవచ్చును. ఆహారమును గూర్చి లోకము నమ్ముచున్న సంగతులలో పెక్కింటిని వ్యాపింపజేసినవి పుస్తకములే. వానియందలి లోపములను దిద్దినవియు పుస్తకములే. కావున ఈ విషయము గ్రంథాలయమునకు పరాయిది కాదు.

లావైన మనిషిని చూచినంతనే నోరు కట్టుకొనలేని వాడని లోకము తీర్పు చెప్పును. పెండ్లీడు వచ్చిన పిల్ల కొంచెము బరువెక్కినచో ఒకపూట అన్నము మానిపించు ఇండ్లు కలవు. చక్కెర వ్యాధి యున్నది, బరువు తగ్గుమని వైద్యుడు చెప్పగా, రెండు ఇడ్లీలతోను, పలుచని మజ్జిగతోను దినములు గడపి, మూడు నెలలలో ఐదు కిలోలు తగ్గి, మరి ఆరు నెలలకు ఏడు కిలోలు పెరిగినవారును కలరు. అట్టివారు తమకు మనోనిబ్బరము లేదని తమ్ము తామే నిందించుకొందురు. ఆ నింద న్యాయమైనదేనా? తప్పు మనిషిదా, మార్గముదా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే ఈ ప్రసంగమున కుద్దేశము.

ఈ కథ లండను నగరమున మొదలైనది. అచ్చట విలియం బాంటింగు అను పెద్దమనిషి యుండెను. శవపేటికలు సిద్ధపరచి అంత్యక్రియల కేర్పాట్లు చేయుట ఆయన వృత్తి. 1862 ఆగస్టు నాటికి ఆయనకు 65 ఏండ్లు. ఎత్తు ఐదడుగుల ఐదంగుళములు. బరువు 202 పౌనులు, అనగా సుమారు 92 కిలోలు. మోకాళ్లకు శ్రమ తగులకుండ మెట్లు వెనుకకు తిరిగి మెల్లగా దిగెడివాడు. వైద్యులు చెప్పగా నదిలో పడవ నడపెను. కండలకు బలమును, కడుపునకు విపరీతమైన ఆకలియు కలిగెను గాని బరువు తగ్గలేదు. తిండి తగ్గించి చూచెను; అదియు ఫలింపలేదు. తుదకు వినికిడి తగ్గినదని విలియం హార్వే అను చెవి వైద్యుని యొద్దకు పోగా, ఆయన రొట్టె, చక్కెర, బంగాళాదుంప, బీరు, వెన్న, పాలు మానిపించి, మాంసము, చేపలు, కూరలు, పండ్లు కడుపునిండ తినుమనెను. ఒక సంవత్సరములో 46 పౌనులు తగ్గినవి. బాంటింగు ఈ యనుభవమును 1863లో చిన్న పుస్తకముగ అచ్చొత్తించి, మొదట ఉచితముగనే పంచిపెట్టెను. తరువాత 81 ఏండ్ల వయస్సు వరకు జీవించెను. వెన్నను, పాలను ఆయన మానిన మాట నిజమే. అయినను కడుపు మాడ్చుకొనకయే బరువు తగ్గవచ్చునని ఆ చిన్న పుస్తకము చాటెను.

ఆ శతాబ్దాంతమున మరియొక ఆలోచన వచ్చెను. అమెరికాలో అట్వాటరు అను రసాయన శాస్త్రజ్ఞుడు మనిషిని ఒక గదిలో నుంచి, అతని శరీరమునుండి వెలువడు వేడిని కొలిచెను. ఆ వేడికి కొలత కేలరీ. పిండిపదార్థము గాని, మాంసకృత్తులు గాని గ్రాము ఒక్కింటికి 4 కేలరీలు, క్రొవ్వు గ్రాము ఒక్కింటికి 9 కేలరీలు ఇచ్చునని ఆయన పరిశోధనలు తేల్చినవి. 1918లో లాస్ ఏంజిలిసు నగర వైద్యురాలు లూలూ హంట్ పీటర్సు ఈ లెక్కను గృహిణుల చేతికిచ్చుచు ఒక పుస్తకము వ్రాసెను. ఇకమీదట రొట్టెముక్క అనరాదు, నూరు కేలరీల రొట్టె యనవలెనని ఆమె బోధ. బరువు తగ్గగోరువారికి దినమునకు 1,200 కేలరీలు చాలుననెను. ఆమెయు ఒకప్పుడు స్థూలకాయముతో బాధపడినదే. ఆ గ్రంథము 1920 తరువాతి యేండ్లలో అమెరికాయందు మిక్కిలిగా అమ్ముడైన పుస్తకములలో ఒకటి. లెక్క తప్పు కాదు. క్రొవ్వునకు 9, పిండికి 4 కావున క్రొవ్వు మానుటయే మేలని లెక్కనుండి నీతిని లాగుటలో తొందరపాటు కలదు. ఆకలి యనునది ఆ లెక్కలో ఏ గడియందును లేదు.

ఆకలిని కొలుచు అవకాశము రెండవ ప్రపంచయుద్ధ కాలమున లభించెను. యుద్ధానంతరము ఐరోపాలోని క్షుద్బాధితులకు ఎట్లు అన్నము పెట్టవలెనో తెలిసికొనుటకై, మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీసు అను శాస్త్రజ్ఞుడు 1944 నవంబరులో ఒక పరీక్ష ఆరంభించెను. అందు పాల్గొన్నవారు 36 మంది యువకులు. ఆయుధము పట్టుట తమ అంతరాత్మకు విరుద్ధమని యుద్ధమున చేరక, లోకసేవకై స్వచ్ఛందముగా తమ శరీరముల నప్పగించినవారు. మొదటి 12 వారములు వారికి దినమునకు సుమారు 3,200 కేలరీల భోజనము పెట్టిరి. పిమ్మట 24 వారములు దానిని సుమారు సగమునకు, అనగా 1,600 కేలరీల దాపునకు తగ్గించిరి. బంగాళాదుంపలు, టర్నిప్పు దుంపలు, నల్లరొట్టె వారి ముఖ్యాహారము. వారమునకు 22 మైళ్లు నడక.

వారి శరీరములు నాలుగవ వంతు బరువు కోల్పోయినవి. నాడి మందగించెను. వేసవిలోను చలి వేయుచుండెను. చదువు మీద, స్నేహము మీద, ప్రేమ మీద వారికి ఆసక్తి నశించెను. వంటల పుస్తకములు చదువుచు కూర్చుండిరి, పళ్లెములు నాకిరి, చిన్న మాటకే కోపము తెచ్చుకొనిరి. పరీక్ష ముగిసిన తరువాత ఎంత తినినను కొందరికి తృప్తి కలుగలేదు. కీసు ఈ విశేషము లన్నియు 1950లో రెండు పెద్ద సంపుటములుగా ప్రకటించెను. ఇచ్చట గమనింపవలసిన దొకటి కలదు. ఆ యువకులు దుర్బలచిత్తులు కారు. నమ్మిన మాటకై లోకనిందను భరించిన ధీరులు. అట్టివారినే ఆకలి లొంగదీసినప్పుడు, ఇంటిల్లిపాదికి వండి వడ్డించుచు తాను మాత్రము అరకడుపుతో నుండు ఇల్లాలిని నిబ్బరము లేనిదని యెవరు నిందింపగలరు?

దీని కారణము తరువాతి శాస్త్రము తెలిపినది. శరీరమందలి క్రొవ్వు ఊరకుండు మూట కాదు. అందుండి లెప్టిను అను రసము పుట్టి, నిలువ యెంత యున్నదో మెదడునకు తెలుపుచుండునని 1994లో తేలెను. కడుపునుండి ఆకలి పుట్టించు గ్రెలిను అను మరియొక రసమును 1999లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. బరువు తగ్గగనే మొదటిది తగ్గును, రెండవది పెరుగును. మెల్బోర్ను నగరమున 50 మందితో మొదలుపెట్టి, 10 వారములు మిక్కిలి తక్కువ కేలరీల ఆహారమిచ్చి చేసిన పరిశోధన 2011లో వెలువడెను. వారు సగటున 13 కిలోలకు పైగా తగ్గిరి. సంవత్సరము గడచిన తరువాత కూడ ఆకలి పుట్టించు రసములు మునుపటి స్థితికి రాలేదు. కరవు వచ్చినదని తలచి శరీరము తన్ను తాను కాపాడుకొనుచున్నది. అది శరీరధర్మమే గాని గుణదోషము కాదు.

ఇంతలో క్రొవ్వునకు మరియొక అపకీర్తి వచ్చెను. మాంసము, వెన్న మొదలగువానిలోని క్రొవ్వు గుండెజబ్బునకు కారణమని కీసు మొదలగువారు వాదించిరి. 1977లో అమెరికా శాసనసభా సంఘమొకటి క్రొవ్వు తగ్గించి పిండిపదార్థములు పెంచుమని దేశమునకు సలహా చెప్పెను. వర్తకులు దీనిని చక్కగా వాడుకొనిరి. క్రొవ్వు తీసివేసి, రుచికై చక్కెరయు, మెత్తని పిండియు చేర్చి, ఆరోగ్యకరమను చీటీలంటించి అమ్మిరి. క్రొవ్వు తగ్గించుటయే మేలైనచో గుండెజబ్బులు తగ్గవలెను గదా! 48,835 మంది స్త్రీలతో సుమారు 8 సంవత్సరములు జరిపిన పరిశోధన ఫలితములు 2006లో వెలువడెను. క్రొవ్వు తగ్గించినవారిలో గుండెజబ్బు చెప్పదగినంత తగ్గలేదు.

మరి క్రొవ్వును భయపడక తినినవారి సంగతి యేమి? ఇజ్రాయేలు దేశమున డిమోనా పట్టణమందలి ఒక పనిచోట 322 మందిని మూడు తెగలుగ విభజించి రెండు సంవత్సరములు పరీక్షించిరి. 2008లో ఫలితములు వచ్చెను. క్రొవ్వును, కేలరీలను తగ్గించి తినినవారు సగటున 2.9 కిలోలు తగ్గిరి. ఆలివు నూనె, గింజలు, కూరలు, చేపలతో కూడిన మధ్యధరా ప్రాంతపు భోజనము చేసినవారు 4.4 కిలోలు తగ్గిరి. పిండి తగ్గించి, కేలరీల కట్టుబాటు లేక తినినవారు 4.7 కిలోలు తగ్గిరి. స్పెయిను దేశమున 7,447 మంది పెద్దవయస్సు వారితో ఇంకను పెద్ద పరిశోధన జరిగెను. వారిలో ఒక తెగవారికి ఆలివు నూనెను, మరియొక తెగవారికి గింజలను ఉచితముగ నిచ్చి, కేలరీల నియమము లేక తిననిచ్చిరి. క్రొవ్వు తగ్గించుమని సలహా పొందినవారికంటె వీరిలో గుండెపోటు, పక్షవాతము వంటి ఉపద్రవములు సుమారు 30 శాతము తక్కువ. 2013లో వెలువడిన ఈ ఫలితములలో, పాల్గొన్నవారిని తెగలుగ పంచిన పద్ధతియందు దోషములు కనబడగా, పరిశోధకులే దానిని ఉపసంహరించి, లెక్కలు సరిచూచి 2018లో మరల ప్రకటించిరి. సారాంశము మారలేదు.

అట్లని క్రొవ్వే అమృతమని జండా యెత్తుటయు పొరపాటే. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున 609 మందిపై జరిగిన పరిశోధన 2018లో వెలువడెను. సగము మంది క్రొవ్వు తగ్గించిరి, సగము మంది పిండి తగ్గించిరి. ఉభయులకును చెప్పిన మాట యొక్కటే: కేలరీలు లెక్కింపవలదు, చక్కెరను, మరపిండిని మానుడు, కూరలు దండిగా తినుడు, వీలైనంత వరకు సహజరూపములో నున్న ఆహారమే తినుడు. సంవత్సరాంతమున మొదటివారు 5.3 కిలోలు, రెండవవారు 6 కిలోలు తగ్గిరి. ఆ భేదము లెక్కింపదగినది కాదు. మరుసటి సంవత్సరము అమెరికా ప్రభుత్వ పరిశోధనాలయమున 20 మందికి రెండేసి వారములు రెండు విధముల భోజనము పెట్టిరి. వడ్డించిన వానిలో కేలరీలు, చక్కెర, క్రొవ్వు, పీచు సమానమే. కర్మాగారములలో తయారైన తినుబండారములు పెట్టినప్పుడు వారు దినమునకు సుమారు 500 కేలరీలు అధికముగ తినిరి. ఇంట వండినట్టి సహజాహారము పెట్టినప్పుడు తమంతట తామే తగ్గించి తినిరి.

వీనియన్నిటి నుండి తేలునది యిది: ఆకలితో పోరి గెలుచుట కంటె, ఆకలిని తీర్చు ఆహారమును ఎంచుకొనుట మేలు. అట్టి ఆహారమున సహజముగ నుండు క్రొవ్వును తీసి పారవేయనక్కరలేదు. క్రొవ్వు కడుపులో నిలిచి మెల్లగా జీర్ణమగును. మాంసకృత్తులును, పీచును తృప్తి నిచ్చును. అంతేగాక, ఏ, డీ, ఇ, కె విటమినులు క్రొవ్వు తోడు లేనిదే ఒంటికి చక్కగా పట్టవు. ఆకుకూరను నూనె చుక్క లేక ఉడికించి తినువాడు అందలి సారమును కొంత పోగొట్టుకొనుచున్నాడు.

తెలుగువారి భోజనమున లోపము క్రొవ్వు అధికమగుట కంటె, తెల్లని అన్నము అధికమగుటయే. జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరున చిన్న పరిశోధనాలయముగ పుట్టి, 1958లో హైదరాబాదునకు వచ్చినది. ఆ సంస్థ 2024లో ప్రకటించిన సూచనల ప్రకారము ధాన్యములనుండి వచ్చు శక్తి 45 శాతమునకు మించరాదు. మన దేశమున అది 50 నుండి 70 శాతము వరకు నున్నది. కాబట్టి కంచములో అన్నపు రాశి తగ్గవలెను. ఆ చోటున పప్పు, ఆకుకూర, వేరుసెనగలు, నువ్వులు, గ్రుడ్డు, చేప, మీగడ తీయని పెరుగు రావలెను. ఒక పూట జొన్నరొట్టె గాని రాగిసంకటి గాని చేరవచ్చును. ఇవి యేవియు పరదేశమునుండి తెప్పింపవలసినవి కావు. నువ్వుల పొడి, వేరుసెనగ పచ్చడి, చేపల పులుసు ఈ నేల వంటలే.

ఇచ్చట కొన్ని హెచ్చరికలు అవసరము. అన్నపు రాశి తగ్గింపక దానిపై నేయి కుమ్మరించుట సమగ్రాహారము కాదు; అది రెండు విధముల నష్టము. ఒకే నూనెను పలుమారు కాచి వేయించిన బజ్జీలు సహజాహారము కావు. గడ్డకట్టించిన వనస్పతి వంటివానిలో నుండు ట్రాన్స్ క్రొవ్వు గుండెకు ప్రత్యక్ష శత్రువు. 2022 జనవరి నుండి మన దేశమున నూనెలలో దానిని 2 శాతమునకు పరిమితము చేసిరి. నేయి, వెన్న, కొబ్బరినూనె యెక్కువైనచో కొందరికి రక్తమున చెడు కొలెస్ట్రాలు పెరుగును. పరీక్ష చేయించుకొని తెలిసికొనవలెను. చక్కెర వ్యాధికి ఇన్సులిను గాని మాత్రలు గాని వాడువారు వైద్యునితో చెప్పకయే అన్నము ఒక్కసారిగా తగ్గింపరాదు. చక్కెర మితిమీరి పడిపోయి ప్రాణాపాయము కలుగవచ్చును. ఎదిగెడి పిల్లలకును, గర్భిణులకును బరువు తగ్గించు నియమములు వర్తింపవు.

చివరిమాట యింటిని గూర్చినది. అందరికి వడ్డించి, అడుగున మిగిలిన అన్నమును పచ్చడితో తిను తల్లియే పెక్కు ఇండ్లలో ముందుగ బరువెక్కుచున్నది, ముందుగ చక్కెర వ్యాధి పాలగుచున్నది. ఆమె తక్కువ తినక కాదు, ఆమెకు మిగులుచున్నది అన్న మొక్కటే యగుటవలన. ఆమెకు ఉపవాసము బోధించుట సులభము. గ్రుడ్డు, పప్పు, పెరుగు ఆమె కంచములోను పడునట్లు చూచుట ఇంటివారి ధర్మము. బాంటింగు తన యనుభవమును పుస్తకముగ పంచినట్లే, ఈ గ్రంథాలయమున చదివిన మంచిమాట ఇంటి వంటగది వరకు చేరిననాడు ఈ రజతోత్సవము సార్థకమగును.