చెరిగిన పేరు - చెరగని వ్రాత

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయమున ఒక పుస్తకము పోవుటకు రెండు మార్గములు కలవు. బీరువాలోని పుస్తకమును చెదలు తినుట మొదటిది. పుస్తకము బీరువాలోనే యుండి, జాబితాలో దాని పేరు కొట్టివేయబడుట రెండవది. వెదకు పాఠకునికి రెండును ఒకటే. పుస్తకము చేతికి రాదు. కాని ఓపికతో బీరువాలన్నియు గాలింపగల గ్రంథపాలకునికి ఆ రెంటికిని హస్తిమశకాంతరము కలదు. కంప్యూటరులో చెరిపివేయబడిన ఫైలు తొలి గడియలలో సాధారణముగా ఈ రెండవ రకమునకు చేరినది. కొంత ఆలస్యమైనచో మొదటి రకమునకు చేరును. ఈ రెండు స్థితుల నడుమ లభించు కొద్దిపాటి వ్యవధి యెట్టిదో ఎఱుగుటయే ప్రస్తుతాంశము.

గ్రంథముల జాబితాలు, సభ్యుల పట్టికలు, పాత పత్రికల ఛాయాప్రతులు కంప్యూటరులందు నిలువ చేయబడుచున్న కాలమిది. ఏండ్ల తరబడి కూర్చిన జాబితా ఒక్క పంక్తితో మాయము కాగలదు. కావున ఇది యంత్రజ్ఞులకు మాత్రమే చెందిన విషయము కాదు.

తెరమీది బొమ్మలను నొక్కి కంప్యూటరుచేత పని చేయించుట ఒక పద్ధతి. ఆజ్ఞను అక్షరములలో టైపు చేసి చేయించుట మరియొక పద్ధతి. దీనిని కమాండ్ లైను అందురు. మొదటి పద్ధతిలో తీసివేసిన ఫైలు సాధారణముగా ముందు చెత్తబుట్టలోనికి పోవును. అచ్చటినుండి మరల తీసికొనవచ్చును. కమాండ్ లైనుకు అట్టి బుట్ట లేదు. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ప్రభృతులు ఆరంభించిన యూనిక్స్ వ్యవస్థలోను, దాని మార్గముననే నడచు లినక్స్‌లోను, ఫైలును తీసివేయు ఆజ్ఞ ‘ఆర్ఎమ్’ అను రెండక్షరములు మాత్రమే. ఆజ్ఞాపించువాడు తెలిసియే ఆజ్ఞాపించెనని అది నమ్మును. మారు ప్రశ్న వేయక పని ముగించును.

ప్రమాదము ఎంత చిన్న పొరపాటున వచ్చునో చూడదగును. ఆ భాషలో నక్షత్రపు గుర్తునకు ‘ఏ పేరైనను’ అని అర్థము. నక్షత్రము ప్రక్కనే ‘.బాక్’ అను తోకను చేర్చి వ్రాసిన, ఆ తోక గల పాత ప్రతులు మాత్రమే పోవును. ఆ రెంటి నడుమ ఒక్క ఖాళీ పడినచో, నక్షత్రము విడిపోయి ఆ డైరెక్టరీలోని ఫైళ్లన్నియు పోవును. వ్రాతలో కనబడని ఖాళీ ఒకటి సర్వస్వమును హరించును.

ఇక పోవుట యనగా ఏమి? యూనిక్స్‌లో డైరెక్టరీ అనునది ఒక జాబితా. అందు ఒక్కొక్క పేరునకు ఎదురుగా ఒక సంఖ్య యుండును. ఆ సంఖ్య ఐనోడ్ అను చీటీని చూపును. ఫైలు ఎవరిది, ఎంత పరిమాణము గలది, డిస్కులో ఏయే గడులయందున్నది, దానికి ఎన్ని పేర్లు కలవు, అను వివరములు ఆ చీటీలో నుండును. ఆర్ఎమ్ ఆజ్ఞ జాబితాలోని పేరును కొట్టివేసి, చీటీలోని పేర్ల లెక్కను ఒకటి తగ్గించును. లెక్క సున్నకు వచ్చి, ఏ ప్రోగ్రామును ఆ ఫైలును తెరచి యుంచనప్పుడు, ఆ గడులు ‘ఖాళీ’ అని గుర్తింపబడును. గడులలోని వ్రాత అప్పుడే తుడువబడదు. మరియొక ఫైలు వచ్చి వానిలో కూర్చుండువరకు పాత వ్రాత అచ్చటనే యుండును.

ఎమ్మెస్ డాస్ వ్యవస్థలో ఈ సంగతి మరింత స్పష్టముగా కనబడెడిది. ఫైలును చెరిపినప్పుడు అది పేరులోని మొదటి అక్షరము స్థానమున ఒక గుర్తును ఉంచెడిది. 1991లో వెలువడిన అయిదవ కూర్పుతో ‘అన్‌డిలీట్’ అను సాధనము వచ్చినది. తగిన ముందు జాగ్రత్త తీసికొననిచో, ఆ సాధనము ఫైలు దొరికినదని చెప్పి, పేరులోని మొదటి అక్షరమేమని అడిగెడిది. ఆ ఒక్క అక్షరమును మనిషి జ్ఞాపకమునుండి ఇచ్చిన, గడులు పరహస్తగతము కానిచో, ఫైలు లేచి వచ్చెడిది.

కావున ఫైలు పోయినదని తెలిసిన తక్షణము చేయవలసిన మొదటి పని, ఏ పనియు చేయకుండుట. ఆ డిస్కుమీద ఒక్క అక్షరమైనను వ్రాయరాదు. ఫైలును తిరిగి తెచ్చు సాధనమును ఆ డిస్కుమీదనే స్థాపించుట పలువురు చేయు పొరపాటు; పోయిన గ్రంథమును వెదకుటకై వచ్చినవాడు దానిమీదనే కూర్చుండుట వంటిది.

రెండవది, పోయిన ఫైలును ఏ ప్రోగ్రామైనను ఇంకను తెరచియున్నదేమో చూడవలెను. తెరచియున్నచో పేరు పోయినను ఫైలు సజీవము. లినక్స్‌లో ‘ప్రాక్’ అను డైరెక్టరీయందు నడుచుచున్న ప్రతి ప్రోగ్రామునకు ఒక అర కలదు. ఆ ప్రోగ్రాము తెరచిన ఫైళ్లు అందు కనబడును. అచ్చటినుండి నకలు తీసిన చాలును. భయముచే కంప్యూటరును ఆపివేసినవాడు ఈ అవకాశమును తన చేతులతోనే పోగొట్టుకొనును.

అట్టిది లేనిచో, డిస్కును వ్యవస్థనుండి విడదీయవలెను. వ్యవస్థ ఆ డిస్కుమీదనే నడుచుచున్నచో, దానిని ఆపి, మరియొక పెన్‌డ్రైవునుండి కంప్యూటరును ప్రారంభింపవలెను. పిదప డిస్కు మొత్తమునకు వేరొక డిస్కుమీద నకలు తీసి, ఆ నకలుమీదనే వెదకవలెను. పాత ఈఎక్స్‌టీ2 పద్ధతిలో చెరిపిన ఐనోడ్‌లో గడుల చిరునామాలు మిగిలెడివి, వెదకుట సులభము. 2001లో లినక్స్‌లో చేరిన ఈఎక్స్‌టీ3 ఆ చిరునామాలను సున్నలు చేయును. అప్పుడు ఆ పద్ధతి నడుపు దినచర్య పుస్తకము వంటి జర్నల్‌లో పాత చీటీల నకళ్లు మిగిలినవేమో చూడవలెను. అదియు లేనిచో ఫోటోరెక్ వంటి సాధనములు ప్రతి గడిని పరిశీలించి, ఛాయాచిత్రమునకో పత్రమునకో తగిన ఆరంభపు గుర్తులనుబట్టి ఫైళ్లను ఏరును. ఇట్లు దొరికినవానికి పేర్లుండవు. ముక్కలైన ఫైళ్లు సరిగా అతుకవు. అట్టలూడిన పుస్తకములు గుట్టగా లభించినట్లుండును.

ఎస్ఎస్‌డీ అను కొత్త రకపు డిస్కులలో ఈ ఆశయు సన్నగిల్లినది. ఏ గడులు ఖాళీయైనవో వ్యవస్థ ‘ట్రిమ్’ అను ఆజ్ఞతో డిస్కునకు తెలుపును. డిస్కు వానిని తానే తుడిచివేయును. అటు పిమ్మట ఏ విద్యయు సాధారణముగా పనికిరాదు.

ఇట్టి ఆపద ఎంతటివారికి వచ్చినదో, ఎట్లు తీరినదో తెలుపు ఉదంతమొకటి కలదు. 1998లో పిక్సార్ సంస్థ ‘టాయ్ స్టోరీ 2’ అను చిత్రమును నిర్మించుచుండగా, ఫైళ్లున్న చోట ఎవరో ఆర్ఎమ్ ఆజ్ఞను నడపిరి. వుడీ అను ముఖ్యపాత్రకు చెందిన ఫైళ్లు కన్నులయెదుటనే ఒక్కొక్కటిగా తగ్గిపోవుచుండుట ఓరెన్ జేకబ్ అను సాంకేతికుడు చూచి, యంత్రమును వెంటనే ఆపుడని ఫోనులో చెప్పెను. అప్పటికే చిత్రములో సుమారు నూటికి తొంబది పాళ్లు పోయెను. నకళ్ల టేపులున్నవిగదా యని చూడగా, అవియు కొంతకాలముగా సరిగా నిలువ కాకుండెను. ఆ సంగతిని ఎవ్వరును కనిపెట్టి యుండలేదు. అంతట గాలిన్ సస్మన్ అను సాంకేతిక పర్యవేక్షకురాలికి తన యింటి కంప్యూటరు జ్ఞప్తికి వచ్చినది. పసిబిడ్డ తల్లి యగుటచే ఆమె ఇంట పని చేసికొనుటకై చిత్రపు ఫైళ్లను అందు ఉంచుకొని యుండెను. ఆ కంప్యూటరును దుప్పట్లలో చుట్టి, కారులో పట్టీలతో బిగించి తెచ్చిరి. అది పూర్తిగా తాజా ప్రతి కాదు. వేలకొలది ఫైళ్లను స్వయముగా సరిచూచి పనిని మరల నిలబెట్టిరి. కథను పిమ్మట చాలవరకు మార్చినను, చిత్రము 1999 నవంబరులో విడుదలయ్యెను.

ఇందలి నీతి స్పష్టము. ఆ చిత్రమును నిలిపినది వెదకు సాధనము కాదు. వేరొక కప్పు క్రిందనున్న రెండవ ప్రతి. మోసగించినదియు నకలు లేమి కాదు. నకలున్నదను పరీక్షింపని నమ్మకము.

కావున కమాండ్ లైనును వాడువారు చెరుపు ఆజ్ఞకు ముందు, అవే గుర్తులతో ‘ఎల్ఎస్’ ఆజ్ఞనిచ్చి ఏయే పేర్లు వచ్చునో చూచుకొనుట మేలు. గ్రంథాలయ జాబితాకు ఒక ప్రతి వేరొక డిస్కుమీదను, మరియొకటి వేరొక ఇంటను ఉండవలెను. నెలకొకసారియైనను ఆ ప్రతిని తెరచి, ఏదైన నొక పుస్తకము పేరు వెదకి చూడవలెను. తెరువని తాళపత్రములను చెదలు తినుట తెలుగు నేల ఎఱిగిన సంగతియే. రజతోత్సవము జరుపుకొను గ్రంథాలయమునకు స్వర్ణోత్సవమునాడు నేటి జాబితా చెక్కుచెదరక దొరకవలెనన్న, ఈ చిన్న శ్రమ తప్పదు.