ఇప్పపువ్వు తీపి ఎవరిది?

(మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇప్పపువ్వు అనగానే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేది సారా. అందులో ఆశ్చర్యం లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటం మనందరికీ ఊపిరి పోసింది. అయితే ఈ పువ్వు మీద సారా ముద్ర ఒక్కటే వేసి వదిలేస్తే, దాన్ని ఏరే ఆదివాసీ స్త్రీల శ్రమ మన కంటికి కనపడకుండా పోతుంది. నేనీరోజు మాట్లాడదలచుకున్నది ఆ శ్రమ గురించీ, అందులోని తీపి గురించీ, దాని మీద హక్కు గురించీ.

మా భద్రాచలం వైపు కోయ, కొండరెడ్డి గూడేల్లో మార్చి, ఏప్రిల్ నెలలొస్తే ఆడవాళ్లు తెల్లవారకముందే లేస్తారు. ఇప్పపువ్వు రాత్రి రాలుతుంది. ఆలస్యమైతే పశువుల పాలవుతుంది. కోడి కూసే వేళకే బుట్టతో చెట్టు కిందికి చేరాలి. నడుం వంచి ఒక్కొక్క పువ్వూ ఏరాలి. ఇంటికి తెచ్చి ఎండబెట్టాలి. ఎండితే బరువు సగానికి పైగా తగ్గిపోతుంది. ఇంత చేసి సంతకు తీసుకెళితే, ధర చెప్పేది కొనేవాడే. తూకం అతనిదే, తరుగు లెక్కా అతనిదే.

అడవి ప్రజలకు తీపి పంచదారతో రాలేదు. తేనె, తాటిబెల్లం, ఇప్పపువ్వు, ఇవే వాళ్ల తీపి. పోకల దమ్మక్క రాముడికి తాటిపండు నైవేద్యం పెట్టిందని భద్రాచలంలో కథగా చెబుతారు. మేడారంలో సమ్మక్క సారలమ్మలకిచ్చే బెల్లాన్ని బంగారం అంటారు. అంత విలువ ఇచ్చిన తీపిని ‘వెనకబడినవాళ్ల తిండి’ అనిపించింది ఎవరు? మన బడులూ, బజారూ కాదా?

ఇప్పపువ్వు లడ్డూ చెయ్యడానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. ఎండిన పువ్వు రెండు సోలలు తీసుకుని, లోపలి పుప్పొడి కాడలు ఏరేసి, ఇసుక పోయేలా కడిగి, మళ్లీ గలగలమనేలా ఎండబెట్టాలి. నూనె లేకుండా సన్నసెగ మీద దోరగా వేయించాలి. పల్లీలు ఒక సోల, నువ్వులు ఒక సోల విడివిడిగా వేయించుకోవాలి. అన్నీ రోట్లో దంచి, అర సోల బెల్లం తురుము కలిపి మళ్లీ దంచితే నువ్వుల నూనె ఊరి ముద్ద కడుతుంది. నీళ్లు తగలనివ్వకూడదు. తడి తగిలితే బూజు పడుతుంది. ఎండిన పువ్వులో సగానికి పైగా చక్కెరలే కాబట్టి బెల్లం ఎక్కువ పట్టదు. షుగరు జబ్బున్నవాళ్లకు మాత్రం ఇదీ చక్కెరేనని చెప్పి పెట్టండి.

దీన్ని మందుగా ప్రచారం చెయ్యొద్దు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అది లడ్డూతో తీరేది కాదు. పప్పూ, ఆకుకూరా, గుడ్డూ, ఐరన్ మాత్రలూ అందాలి. వాటిని అడగడం మానేసి లడ్డూ చేతిలో పెడితే మోసం చేసినట్టే.

ఉట్నూరులో భీంబాయి ఆదివాసీ మహిళా సహకార సంఘం స్త్రీలు ఈ లడ్డూలు చేసి అమ్ముతున్నారు. సంతోషం. కానీ ఎక్కడ ఇలాంటి పని మొదలైనా మనం అడగవలసిన ప్రశ్నలున్నాయి. పువ్వు ధర ఎవరు నిర్ణయిస్తున్నారు? డబ్బు ఎవరి ఖాతాలో పడుతోంది? సంఘంలో సంతకం ఎవరిది? ఆదివాసీ స్త్రీ తన పువ్వుకే కూలీగా మారి పొట్లాలు కట్టే స్థితి వస్తే, దళారి పేరు మారిందే తప్ప దోపిడీ పోలేదు.

చట్టం మన పక్షాన ఉంది. 1996 నాటి పెసా చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై యాజమాన్యం గ్రామసభకూ పంచాయతీలకూ ఇవ్వాలంది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(సి) వాటిని సేకరించి, వాడుకుని, అమ్ముకునే హక్కును గుర్తించింది. 2012లో సవరించిన నిబంధనలు ఇంకా ముందుకు వెళ్లాయి. ఆ సరుకును నిలవ చేసుకోవడం, దానితో మరో వస్తువు తయారు చెయ్యడం, బయటికి తీసుకెళ్లి అమ్ముకోవడం కూడా ఆ హక్కులో భాగమేనని చెప్పాయి. అంటే లడ్డూ కట్టడం ఎవరో దయతలచి ఇచ్చిన పథకం కాదు, చట్టంలో రాసి ఉన్న హక్కు.

2014లో చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. 2016లో ఖమ్మం నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా విడిపోయింది. చుట్టాలు అటూ ఇటూ అయ్యారు. కానీ ఈ చట్టాలు రెండు వైపులా ఒక్కటే. అటవీ హక్కుల కమిటీలో మూడింట ఒక వంతుకు తక్కువ కాకుండా స్త్రీలుండాలి. మీ గ్రామంలో ఉన్నారా? పేరు రాసి ఇంట్లో కూర్చోబెట్టారా?

కాబట్టి వచ్చే పూల కాలానికి ముందే ప్రతి గూడెంలో గ్రామసభ పెట్టించండి. ఇప్పచెట్లు లెక్క రాయించండి. కనీస ధర తీర్మానం చేయించండి. ఆ తర్వాతే రోలు కడగండి. తీపి చెయ్యడం మన తల్లులు ఎప్పుడో నేర్పారు. దాని విలువ మన చేతికి వచ్చేలా చూసుకోవడమే మిగిలిన పని.