ఆధారము చూపు పద్ధతి



కేసముద్రము మార్కెట్టు యార్డు నెరుగనివారు ఈ స్నాతకోత్సవ సభలో నుండరు. పసుపో మక్కలో అమ్ముకొన్న రైతు చేతికి వచ్చు తక్‌పట్టీలో అతని పేరు, సరుకు, బస్తాల లెక్క, తూకము, పలికిన ధర, అడ్తిదారు పేరు, ఖరీదుదారు పేరు వరుసగా నుండవలయును. అందొక్కటి లోపించినను, రేపు తగవు పుట్టిననాడు ఆ కాగితము సాక్ష్యమునకు చాలదు. పరిశోధన వ్యాసమున పుట యడుగున వ్రాయు పాదసూచికయు నట్టిదే. గ్రంథకర్త, గ్రంథము, ముద్రణస్థలము, సంవత్సరము, పుటసంఖ్య అను వివరములన్నియు చదువరి తానే పోయి సరిచూచుకొనుటకై యేర్పడినవి.

మీలో పైచదువులకు పోవువారికి చికాగో, ఎం.ఎల్.ఎ., ఎ.పి.ఎ. అను ఆధారము చూపు పద్ధతుల పేర్లు త్వరలోనే వినబడును. మొదటిది 1906లో పుస్తకరూపమున వెలువడినది. రెండవది 1951లో చిన్న పుస్తికగా వచ్చినది. మూడవది 1929లో ఒక పత్రికయందు ఏడు పుటల వ్యాసముగా పుట్టి, నేడు నాలుగువందల పుటలు దాటిన గ్రంథమైనది. ఏ కామా ఎచ్చటనని మార్గదర్శకుడు మందలించినపుడు విసుగు కలుగుట సహజము. నాకును ఆ కామాలపై భక్తి లేదు. కాని వ్యాసమున ఒకే పద్ధతి మొదటినుండి తుదివరకు నిలువనిచో, ఏ అంకె సంపుటమో ఏ అంకె పుటయో తెలియక చదువరి గ్రంథాలయమున పూటంతయు వెదకవలసివచ్చును.

మన తెలుగునను ఇట్టి ఆధారసూచన కలదు. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో ప్రకరణముల తుదిని తమకు ఆధారమైన గ్రంథములను చెప్పినారు. కావ్యములలోని తిండితీర్థములను, ఆటపాటలను, దుస్తులను చరిత్రకు సాక్ష్యములుగా నిలిపిన ఆ గ్రంథమునకు ఆ ఆధారసూచికయే లేకున్నచో అది రమ్యమైన ముచ్చటగా మాత్రమే మిగిలియుండెడిది. 1955లో సాహిత్య అకాడమి తన మొదటి తెలుగు పురస్కారమును ఆ గ్రంథమునకే ఇచ్చినది.

అయితే పరదేశపు పద్ధతిని కన్నులు మూసికొని అనుసరించినచో మన పేర్లకు వచ్చు అవస్థ యొకటి గలదు. చివరి మాటయే వంశనామమని ఆ పద్ధతులు తలంచును. మనకో ఇంటిపేరు ముందే యుండును. అందుచేత కొమర్రాజు లక్ష్మణరావుగారు, మాడపాటి హనుమంతరావుగారు, ఆదిరాజు వీరభద్రరావుగారు మువ్వురును తమ ఇండ్లు విడిచి, గ్రంథసూచికలో ‘రావు’ అను ఒకే గుడారము క్రింద చేరుదురు. ప్రతాపరెడ్డిగారు ‘రెడ్డి, ఎస్.’ అయిపోవుదురు, అట్టి ‘రెడ్డి, ఎస్.’ ఎందరో! తెలుగు వ్యాసమునందు ఇంటిపేరు ముందుంచి, పేరు పూర్తిగా వ్రాయుటయే సరియని నా నిశ్చయము.

సంవత్సరముల విషయమున మరింత మెలకువ వలయును. హనుమకొండ వేయిస్తంభముల గుడిలోని కాకతీయ రుద్రదేవుని శాసనము శకవర్షము 1084, చిత్రభాను సంవత్సర, మాఘశుద్ధ త్రయోదశి, శనివారమునాటిది. శకవర్షమునకు 78 కలుపవలెనన్న పాఠశాల సూత్రము నాశ్రయించినవాడు 1162 అని వ్రాయును. కాని శకవర్షము చైత్రమున మొదలగును. మాఘము వచ్చునాటికి ఆంగ్ల సంవత్సరము మారియుండును గనుక 79 కలుపవలయును. ఆ శాసనము సరియైన తేది 1163 జనవరి 19. ఇట్టి పొరపాట్లు దొర్లవచ్చును గనుక, ఈ శాసనమును ఒకరి చరిత్రగ్రంథమున మాత్రమే చదివినవారు ఆ గ్రంథము పేరే చెప్పవలెను. శాసనపాఠమును స్వయముగా చూచినట్లు వ్రాయుట అసత్యమగును, ముందువాడు చేసిన తప్పు తమ తలకెక్కును.

స్థలములును కదలిపోవుచుండును. గణపతిదేవుని సోదరి మైలాంబ వేయించిన బయ్యారము చెరువు శాసనము వెన్నభూపతి మొదలుకొని కాకతీయుల వంశక్రమమును చెప్పును గనుక, కాకతీయ చరిత్ర వ్రాయువారందరును దాని నుదాహరింతురు. పాత గ్రంథములలో బయ్యారము ఖమ్మము జిల్లాలో నున్నది, మన కేసముద్రము వరంగల్లు జిల్లాలో నున్నది. 2016 అక్టోబరు తరువాత రెండును మహబూబాబాదు జిల్లావే. పాత సూచికను యథాతథముగా నెత్తివ్రాసినచో, తెలియని చదువరి బయ్యారమునకై ఖమ్మము జిల్లా పటమంతయు వెదకి వేసారును.

ఇప్పుడు సూచికలను క్షణములో అమర్చిపెట్టు యంత్రములు వచ్చినవి. అవి కామాను చక్కగా పెట్టును. పుటసంఖ్య తప్పైనచో దానినిగూడ అంతే చక్కగా పెట్టును. గ్రంథచౌర్యమును నిరోధించుటకు యూజీసీ 2018లో చేసిన నిబంధనల మేరకు పోలిక 10 శాతములోపు నున్నచో శిక్ష లేదు. అంతమాత్రమున వ్యాసము నిర్దుష్టమైనదని మురియుట తగదు. ఇతరుల వాక్యములతో పోలిక యెంతయో ఆ శాతము చెప్పగలదు గాని, మీరు చూపిన పుటలో మీరు చెప్పిన మాట యున్నదో లేదో చెప్పజాలదు.

కావున స్నాతకులారా, నా విన్నపమొకటి. మీ మొదటి వ్యాసమును అప్పగించుటకు ముందు అందలి ప్రతి పాదసూచికను మూలగ్రంథముతో ఒక్కసారి సరిచూడుడు. బయ్యారము శాసనమును ఉదాహరింపవలసివచ్చినపుడు అచ్చుప్రతిలోని జిల్లాపేరును, దాని ప్రక్కన నేటి జిల్లాపేరును, రెండింటిని వ్రాయుడు.