నక్షకెక్కని గడపలు

 

ఇవాళ పట్టాలు అందుకున్న మీలో ఎక్కువమంది జీఐఎస్, రిమోట్ సెన్సింగ్ చదివారు. ఈ చదువుకు హైదరాబాదును మించిన ఊరు దేశంలో అరుదు. బాలానగర్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉంది. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ ఉంది. ఉద్యోగాలకూ కొదవ లేదు. రోడ్లవాళ్లు, గనులవాళ్లు, టెలికాంవాళ్లు, స్థలాలు అమ్మేవాళ్లు మిమ్మల్ని పిలుస్తారు. వెళ్లండి, తప్పులేదు. కానీ మీ చేతిలో ఉన్న విద్య ఎంతో అవసరమై, ఎంతో తక్కువగా అందుతున్న పని ఒకటుంది. అది పిల్లల ఆరోగ్యం, తిండి, చదువు, రక్షణ గురించి జరిగే ఇంటింటి సర్వేలు. ఇవాళ దాని గురించే మాట్లాడతాను.

ఇక్కడి లాల్‌గడి మలక్‌పేట్ ఊరి నక్షను మీలో ఎవరైనా రెవెన్యూ రికార్డుల్లో చూశారా? తెలంగాణలో ఏ పాత ఊరి నక్షయినా ఒకే తీరుగా ఉంటుంది. చేలన్నిటికీ సర్వే నంబర్లుంటాయి. వాటికింద బై నంబర్లుంటాయి. బాట, వాగు, చెరువు కట్ట అన్నీ ఉంటాయి. ఎకరాలే కాదు, గుంటలు కూడా లెక్కకొస్తాయి. మధ్యలో ఆబాదీ మాత్రం ఒకే ముద్దగా ఉంటుంది. మనుషులు ఉండే చోట, పిల్లలు పుట్టి పెరిగే చోట గీతలుండవు. భూమి సర్వే శిస్తు కోసం జరిగింది. ఆబాదీ నుంచి శిస్తు రాదు కాబట్టి అక్కడ గొలుసు పడలేదు. ఇళ్లున్న ఆ భాగాన్ని డ్రోన్లతో కొలిచే స్వామిత్వ పథకం మొదలైంది 2020లో. పంట పండే ప్రతి మడికీ తరాల కిందటే నంబరు వేసిన మనకు, ఇంటికి వేయడానికి ఇంతకాలం పట్టింది. ఇది నాకు చిన్న విషయంగా తోచదు.

పిల్లల మీద జరిగే సర్వేలకు కావలసింది సరిగ్గా ఆ ముద్దలోపలి సంగతే.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఎలా జరుగుతుందో చూడండి. ముందు ఊళ్లనూ పట్టణాల్లోని జనగణన బ్లాకులనూ లాటరీ పద్ధతిలో ఎంపిక చేస్తారు. పెద్ద ఊరికి ఎంపికయ్యే అవకాశం ఎక్కువ, చిన్న ఊరికి తక్కువ. ఎంపికైన ఊళ్లో ఒక బృందం తిరిగి నక్ష గీస్తుంది, ఇళ్ల జాబితా రాస్తుంది. ఆ జాబితాలోంచి 22 ఇళ్లు తీస్తారు. ఇంటర్వ్యూ బృందం ఆ 22 ఇళ్లకు వెళ్లి పిల్లల ఎత్తు, బరువు కొలుస్తుంది. టీకాల కార్డు చూస్తుంది, తల్లితో మాట్లాడుతుంది. తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు 2015–16లో 28 శాతం ఉంటే, 2019–21 నాటికి 33 శాతానికి చేరారని మనకు తెలిసింది ఇలాగే. అంత బరువైన మాట ఆ 22 ఇళ్ల జాబితా మీద నిలబడి ఉంది. జాబితాకు ఎక్కని ఇంట్లోని బిడ్డ ఆ శాతంలో లేదు, దాని బయటా లేదు.

ఇక మన చుట్టుపక్కలకు రండి. ఆ సర్వే రెండు విడతల్లోనూ ఊళ్లను ఎంపిక చేసింది 2011 జనగణన లెక్కల ఆధారంగానే. 2011లో మనమున్న ఈ ప్రాంతం రంగారెడ్డి జిల్లా. మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది 2016 అక్టోబరులో. ఈ మధ్యకాలంలో శామీర్‌పేట, మేడ్చల్ పొడవునా పొలాలు వెంచర్లయ్యాయి, గోదాములు లేచాయి, కంపెనీల షెడ్లు వచ్చాయి. వాటి వెనక కూలీల రేకుల గదులు వచ్చాయి. 2011లో జొన్న చేను ఉన్న చోట ఇవాళ వంద కుటుంబాలుంటే, ఆ పాత లెక్కకు అది ఇంకా చేనే. ఎంపికైన ఊళ్లో ఇళ్లను కొత్తగా రాసుకుంటారు కాబట్టి అక్కడ లోపం కొంత సర్దుకుంటుంది. కానీ ఏ ఊరు ఎంపిక కావాలన్నది పాత లెక్కే తేలుస్తుంది. జనగణన ఆలస్యమైన కొద్దీ ఈ తేడా పెరుగుతుంది, అదీ ఎక్కువగా నగరాల అంచుల్లోనే పెరుగుతుంది.

ఇక్కడే మీ విద్య అక్కరకొస్తుంది. ఉపగ్రహ చిత్రాల్లోంచి కప్పులను గుర్తించి, ఎక్కడ ఎన్ని ఇళ్లు పుట్టాయో అంచనా కట్టి, నేలను చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, ఆ గళ్ల నుంచి ఎంపిక చేసే పద్ధతి ఇప్పుడు ఎన్నో దేశాల్లో వాడుకలోకి వచ్చింది. పాత జనగణనను పారేయమని కాదు. దాని మీద కొత్త కప్పుల లెక్క పరిచి, ఎక్కడ రెండింటికీ పొత్తు కుదరడం లేదో సర్వే మొదలుకాకముందే చెప్పగలగాలి.

ఈ పని మన దగ్గర జరగనిది కాదు. ఇక్కడికి దగ్గర్లోనే, మేడ్చల్ మండలం ఘనపూర్‌లో మెడిసిటీ ఉంది. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో గుండె వైద్యులుగా పనిచేసిన డాక్టర్ పి.ఎస్. రెడ్డి పూనికతో వచ్చిన షేర్ ఇండియా సంస్థ అక్కడిదే. వాళ్లు రీచ్ అనే కార్యక్రమంలో మేడ్చల్ మండల గ్రామాల్లో ఇళ్లను జీపీఎస్‌తో గుర్తించి, ఒక్కో ఇంటికి ఒక్కో సంఖ్య ఇచ్చి, గర్భాలు, కాన్పులు, మరణాలు నమోదు చేస్తూ వచ్చారు. ఆ పునాది మీదే లైఫ్ అధ్యయనం నిలిచింది. 2009 నుంచి 2011 వరకు 1,227 మంది స్త్రీలను అందులో చేర్చుకున్నారు. గర్భం దాల్చక ముందో, తొలి నెలల్లోనో వాళ్లను చేర్చుకుని, పుట్టిన పిల్లల ఎదుగుదలను గమనించారు. కాన్పుకు పుట్టింటికి వెళ్లిన అమ్మాయి బిడ్డతో తిరిగి వస్తే, ఆమె ఏ ఇంటి మనిషో తడుముకోకుండా చెప్పగలిగితేనే అలాంటి అధ్యయనం నిలుస్తుంది.

నగరానికి మరో దిక్కున, 1987లో జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 29 గ్రామాల్లో ఒక పరిశోధన మొదలుపెట్టారు. కొన్ని ఊళ్లలో గర్భిణులకూ ఆరేళ్లలోపు పిల్లలకూ అంగన్‌వాడీల ద్వారా ఉప్మా రూపంలో పోషకాహారం అందింది, మిగతా ఊళ్లకు అప్పటికి ఆ పథకం రాలేదు. ఆ పిల్లలు కౌమారానికి వచ్చాక కొలిస్తే, ఆహారం అందిన ఊళ్లవాళ్లు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువున్నారు. ఒక గిన్నెడు ఉప్మా ఎముకలో మిగిలింది. తర్వాతి విడతల్లో అదే గ్రామాలు ఎంత పట్టణమయ్యాయో కొలవడానికి పరిశోధకులు రాత్రిపూట ఉపగ్రహానికి కనిపించే దీపాల వెలుగును వాడారు. పోషకాహారం చదివినవాళ్లూ, ఉపగ్రహ చిత్రాలు చదివినవాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటే ఏం జరుగుతుందో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఇప్పుడు కష్టమైన చోటికి తీసుకెళ్తాను. ఇటుక బట్టీలు.

ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల్లో నువాఖాయి పండుగ అయ్యాక సర్దార్లు, అంటే కూలీలను కుదిర్చే మేస్త్రీలు, బట్టీ పనికి అడ్వాన్సులు పంచుతారు. భార్య, భర్త, ఒక బిడ్డ కలిస్తే ఒక పథురియా, అంటే పనికి ఒక లెక్క. ఆ లెక్కలోనే బిడ్డ కూడా పనిమనిషిగా చేరిపోతుంది. నవంబరు, డిసెంబరుల్లో హైదరాబాదు చుట్టూ బట్టీలకు చేరతారు, వానలు పడేసరికి వెళ్లిపోతారు. అక్కడ వాళ్ల ఇల్లు ఎలా ఉంటుందంటే, అడుగున ఇటుకలే పేర్చి, పైన టార్పాలిన్ పట్టానో తాటాకో కప్పి ఉంటుంది. గోడలకు సున్నం, సిమెంటు ఏమీ ఉండవు. నడుం వంచితే కానీ లోపలికి వెళ్లలేం. సర్వే బోర్డు మీద బిడ్డను నిలబెట్టి ఎత్తు కొలవాలంటే ఆ గుడిసెలో చోటు చాలదు, బయట ఇటుకపొడి నేల మీద చదును వెతుక్కోవాలి. తల్లిని బిడ్డ వయసు అడిగితే ఏ పండుగకు పుట్టాడో ఒడియాలో చెబుతుంది. టాబ్లెట్ మాత్రం ఇంటి నంబరు అడుగుతుంది.

పైనుంచి చూస్తే ఆ గుడిసె రంగూ ఇటుకల వరస రంగూ ఒకటే. కప్పుల్ని గుర్తించే కంప్యూటర్ పద్ధతి దాన్ని ఇల్లు అనుకోదు. నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2018లో ఉపగ్రహ చిత్రాల ఆధారంగా పాకిస్థాన్ నుంచి ఉత్తర భారతం, నేపాల్, బంగ్లాదేశ్ మీదుగా 55,387 బట్టీలున్నాయని అంచనా వేశారు. గొప్ప పని. అయితే అక్కడి బట్టీలకు పొగగొట్టం ఉంటుంది, పైనుంచి కోడిగుడ్డు ఆకారంలో కనిపిస్తాయి. మన దగ్గర ఎక్కువగా ఇటుకలు పేర్చి, వాటి మధ్యే మంట పెట్టి కాల్చే బట్టీలు. గొట్టమూ ఉండదు, నిలకడైన ఆకారమూ ఉండదు. సీజను అయిపోతే ఆ చోట ఎర్రమట్టి మచ్చ తప్ప ఏమీ మిగలదు. అక్కడ నేర్పిన పద్ధతిని తెచ్చి ఇక్కడ పెడితే ‘బట్టీలు లేవు’ అని వస్తుంది. ఆ జవాబును నమ్మి ఎవరైనా అధికారి సంతకం పెడితే, ఆ గుడిసెల్లోని పిల్లలకు ఆ ఏడాది గుడ్డూ పాలూ టీకా ఎవరు తెస్తారు? కాబట్టి ఇక్కడి బట్టీ రూపురేఖలను ఇక్కడే నడిచి నేర్చుకోవాలి. ఆగస్టు చిత్రం పక్కన ఫిబ్రవరి చిత్రం పెట్టి, ఏ నేల ఎరుపెక్కిందో చూడాలి. ఇళ్ల జాబితా వానాకాలంలో రాసి ఇంటర్వ్యూలు చలికాలంలో చేసే సర్వే ఏదైనా సరే, ఈ పిల్లల్ని వదిలేసినట్టేనని బల్ల గుద్ది చెప్పాలి.

మీరున్న ఈ చోటు జీనోమ్ వ్యాలీ. పక్కనే తుర్కపల్లిలో తయారైన రోటావైరస్ టీకా, కొవాగ్జిన్ దేశమంతటికీ వెళ్లాయి. టీకా తయారయ్యే గోడకు కూతవేటు దూరంలో టీకా అందని బిడ్డ ఉంటే, అందులో శాస్త్రం లోపం ఏమీ లేదు. ఆ ఇల్లు ఎక్కడుందో ఏఎన్‌ఎం చేతిలోని కాగితంలో లేకపోవడమే లోపం.

దూరం గురించి ఒక మాట. మ్యాపులో రెండు చుక్కల మధ్య గీత గీసి, అంగన్‌వాడీ నాలుగు వందల మీటర్లే అని రాయడం తేలిక. మధ్యలో రాజీవ్ రహదారి ఉంటే? లారీలు వరసగా పోయే ఆ రోడ్డును మూడేళ్ల పిల్ల చెయ్యి పట్టుకుని, చంకలో ఇంకో బిడ్డతో దాటే తల్లికి ఆ నాలుగు వందల మీటర్లు దాటరాని దూరం. బాహ్యవలయ రహదారి కింద దారి ఎక్కడుందో, వానాకాలంలో అక్కడ నీళ్లెంత నిలుస్తాయో ఆ తల్లిని అడగాలి. నడక దారి వెంట కొలవని దూరాన్ని పిల్లల నివేదికలో రాయకండి.

కొలతలో శ్రద్ధ అంటే పెద్ద విషయాలే కాదు. మామూలు ఫోను ఆరుబయట ఐదు మీటర్ల తేడాతో చోటు చెబుతుంది. ఇరుకు సందులో, రేకుల కింద ఆ తేడా పెరుగుతుంది. అంటే మన ఊళ్లలో చుక్క పక్కింట్లో పడుతుంది. ఈ ఊరి అక్షాంశం 17, రేఖాంశం 78. రెండు గళ్లనూ తారుమారు చేస్తే మీ బిడ్డ ఉత్తర ధ్రువం దగ్గర స్వాల్‌బార్డ్ దీవుల్లో తేలుతుంది. అంత పెద్ద తప్పు కంటికి కనబడుతుంది, దిద్దుతాం. పక్కింట్లో పడ్డ చుక్క ఎవరికీ కనబడదు. దాన్ని పట్టుకోవడానికి సాయంత్రం పూట ఎన్యూమరేటర్‌తో కలిసి ఆ రోజు చుక్కల్ని తెర మీద చూసే మనిషి కావాలి. ఆ మనిషి మీరే కావాలి.

చివరిగా, అన్నిటికన్నా బరువైన బాధ్యత. ఇల్లు ఎక్కడుందో తెలిసినవాళ్లు ఆ ఇంటికి మేలూ చేయగలరు, కీడూ చేయగలరు. ఏ ఇంట్లో పిల్ల బడి మానేసిందో, ఏ ఇంట్లో దెబ్బలు తింటోందో, ఏ ఇంట్లో చిన్న వయసులో పెళ్లయిందో సర్వేకు చెబుతారు. ఆ జవాబు పక్కన ఇంటి చుక్క ఉంటే ఏమవుతుందో ఊహించండి. అందుకే అంతర్జాతీయ జనాభా, ఆరోగ్య సర్వేల వాళ్లు ఇంటి చుక్కను అసలు బయటపెట్టరు. కొన్ని ఇళ్లకు కలిపి ఒకే చుక్క ఇస్తారు. దాన్నీ పట్టణాల్లో రెండు కిలోమీటర్ల దాకా, పల్లెల్లో ఐదు కిలోమీటర్ల దాకా, నూటికి ఒక పల్లె చుక్కను పది కిలోమీటర్ల దాకా కావాలనే జరుపుతారు. ఆ సంగతి మరిచి, జరిపిన చుక్కకు దగ్గరి ఆస్పత్రి ఏదని లెక్కేస్తే వచ్చేది అబద్ధం. చుట్టుపక్కల ప్రాంతం మొత్తానికి సగటు తీయడం నేర్చుకోండి. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా చట్టం పద్దెనిమిదేళ్లలోపు వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలంటోంది. చట్టం అడిగినా అడగకపోయినా, ఆ తల్లికి ఆమె భాషలో చెప్పకుండా చుక్క పెట్టకండి. ఇళ్ల చుక్కలున్న ఫైలును వాట్సాప్‌లో పంపమని ఎంత పెద్దవాళ్లు అడిగినా పంపకండి.

పిల్లలూ, మిమ్మల్ని ఒకటి అడుగుతాను. 2021 ఫిబ్రవరి 15న కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల తర్వాత మనవాళ్లు నక్ష గీయడానికి లైసెన్సు అక్కర్లేదు. మీరు ఎక్కడ ఉద్యోగంలో చేరినా, మీ దగ్గరి అంగన్‌వాడీ టీచరమ్మ దగ్గరికి ఒక ఆదివారం వెళ్లండి. ఆమె పరిధిలోని గల్లీలు, షెడ్లు, బట్టీలు, కోళ్ల ఫారాల గదులు ఆమె చేతనే కాగితం మీద గీయించండి. దాన్ని మీ పరికరాలతో సరిచూసి, పేర్లు తెలుగులో రాసి, గోడకు అంటించుకునేంత పెద్దగా అచ్చు తీసి ఆమె చేతికే ఇవ్వండి. ఒక ప్రతి ఏఎన్‌ఎంకు ఇవ్వండి. అందులో పిల్లల పేర్లు మాత్రం రాయకండి. డిసెంబరు నాటికి బట్టీలు మొదలవుతాయి. దయచేసి అంతకు ముందే వెళ్లండి.