మ్యూనర్‌ష్టాట్ మగ్దలేనే మరియ



జర్మనీలోని మ్యూనిక్ నగరంలో, బవేరియా జాతీయ మ్యూజియంలో నిలువెత్తు చెక్క విగ్రహం ఒకటి ఉంది. చేతులు జోడించిన ఒక స్త్రీ. ఆమెకు బట్టలు లేవు. ఒంటినిండా ఉంగరాలు తిరిగిన వెంట్రుకలే వస్త్రం. చుట్టూ దేవదూతలు ఆమెను పైకి లేవనెత్తుతున్నారు. ఆమె మగ్దలేనే మరియ. మరణంనుంచి లేచిన క్రీస్తును మొదట చూసిన మరియగా బైబిల్ చదివినవారికి తెలుసు. మధ్యయుగపు ఐరోపా ఆమె కథను ఇంకా పెంచింది. పశ్చాత్తాపంతో ముప్ఫై ఏళ్లు ఏకాంతంలో తపస్సు చేసిందనీ, ప్రార్థనవేళల్లో దూతలు ఆమెను ఆకాశానికి ఎత్తి దివ్యగానం వినిపించేవారనీ చెప్పుకున్నారు. శిల్పి చెక్కింది ఆ ఘట్టాన్నే.

ఆ శిల్పి టిల్మన్ రీమెన్‌ష్నైడర్. 1483లో వ్యుర్ట్స్‌బుర్గ్ చేరి, రెండేళ్లకు ఒక స్వర్ణకారుని వితంతువును పెళ్లాడి, అక్కడే సొంత పనిశాల పెట్టుకున్నాడు. 1490లో మ్యూనర్‌ష్టాట్ అనే చిన్న ఊరి చర్చి, తమ బలిపీఠానికి విగ్రహాలు చెక్కే పని అతనికి అప్పగించింది. ఈ మరియ వాటిలో ఒకటి. 1492కల్లా పని పూర్తయింది.

వాడింది లిండెన్ కలప. మెత్తగా ఉండి, ఉలికి ఎటు తిప్పితే అటు లొంగుతుంది. అయితే ఆరేకొద్దీ పగులుతుంది. అందుకే ఆనాటి శిల్పులు విగ్రహాన్ని వెనకనుంచి తొలిచేసేవారు. ముందునుంచి చూస్తే నిండైన దేహం, వెనక బోలు.

అప్పటి ఆనవాయితీ ప్రకారం చెక్కడంతో పని సగమే అయినట్టు. చెక్కమీద సుద్ద, జిగురు కలిపి పూసి, ఆపైన రంగులు, బంగారు రేకు వేసేవారు. ఆ పూత కింద ఉలి గీసిన సన్నని గీతలు పూడిపోతాయి. రీమెన్‌ష్నైడర్ ఇక్కడ ఆ పూతే వద్దనుకున్నాడు. గోధుమరంగు పల్చని మెరుగు మాత్రం పెట్టి, కళ్లకూ పెదవులకూ కాస్త రంగు తాకించాడు. చర్మం నునుపు, వెంట్రుకల గరుకు, రెక్కల ఈకలు అన్నీ ఉలే చెప్పాలి. రంగు చేసే పనంతా ఒక్క ఉలిమీద మోపడానికి ఎంత ధైర్యం ఉండాలో! నా దృష్టిలో ఈ విగ్రహం గొప్పతనమంతా అందులోనే ఉంది.

ఊరివాళ్లకు అది చాలలేదు. పన్నెండేళ్లు గడిచాక రంగులు వేయించారు. వేసినవాడు సామాన్యుడు కాడు. పోలండ్‌లోని క్రాకోవ్‌లో మహా బలిపీఠం చెక్కిన ఫైట్ ష్టోస్. పోయిన డబ్బు రాబట్టుకోవడానికి దొంగపత్రం సృష్టించాడని 1503లో న్యూరెంబర్గ్‌లో అతని రెండు చెంపలకూ వాతలు పెట్టారు. అక్కడనుంచి పారిపోయి మ్యూనర్‌ష్టాట్‌లో తలదాచుకున్నాడు. చెక్కినందుకు రీమెన్‌ష్నైడర్‌కు ముట్టింది 145 గుల్డెన్‌లు. రంగులకూ, నాలుగు చిత్రాలకూ ష్టోస్‌కు ఇచ్చింది 220. ఆ కాలం దేనికి ఎక్కువ విలువ కట్టిందో ఈ రెండు అంకెలే చెబుతాయి.

రీమెన్‌ష్నైడర్ తర్వాత వ్యుర్ట్స్‌బుర్గ్ నగర పాలకుడయ్యాడు. 1525లో రైతులు తిరగబడినప్పుడు నగరసభ, నగరాన్ని ఏలే బిషప్ ప్రభువు మాట కాదని వాళ్లమీద కత్తి ఎత్తలేదు. రైతులు ఓడిపోయారు. ఆ సభలో ఉన్న శిల్పిని ముదిమి వయసులో మారియన్‌బెర్గ్ కోటలో ఖైదుచేసి హింసించారు, ఆస్తిలో కొంత లాక్కున్నారు. చేతులు విరిచేశారన్న కథ బాగా ప్రచారంలో ఉంది కానీ, దానికి ఆనాటి ఆధారం లేదు. 1531లో కన్నుమూశాడు. ఆ తర్వాత జనం అతన్ని మరిచిపోయారు. 1822లో సమాధి ఫలకం బయటపడ్డాకే మళ్లీ అతని పేరు వినబడింది.

పదిహేడో శతాబ్దంలో మ్యూనర్‌ష్టాట్ బలిపీఠాన్ని విప్పేశారు. విగ్రహాలు చెల్లాచెదురయ్యాయి. పైనున్న రంగులను తరవాతివాళ్లు తీసేశారు. నలుగురు సువార్తికులు ఇప్పుడు బెర్లిన్‌లోని బోడె మ్యూజియంలో ఉన్నారు. పునీత కిలియన్, పునీత ఎలిజబెత్ మాత్రం ఊళ్లోనే మిగిలారు. మగ్దలేనే మరియ నిలిచినచోట చర్చిలో ఇవాళ ఉన్నది ఆమె ప్రతిరూపం.